మా మేడ మీద దండెం, ఊరూరి దండేలు

వైజాగ్‌లో ఉంటూ చేతిలో కెమెరా కనబడితే ఎవరైనా ముందు అడిగేది ఒకటే, ఆర్కే బీచ్‌లో సన్‌రైజ్ తీశావా అని. తీశాను, సముద్రంలోంచి సూర్యుడు లేచే ఊళ్ళో పుట్టాక అది తియ్యకుండా ఎలా ఉంటాం. కానీ 2016 నించి నేను పట్టు వదలకుండా తీస్తున్నది మాత్రం దండెం. బట్టలు ఆరేసుకుంటాం కదా, ఆ దండెమే. మా మేడ మీద ఉన్నది రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఒక ఫోటో, ఏదైనా ఊరెళ్తే అక్కడ కనబడిన దండెం ఇంకో ఫోటో, అంతే ప్రాజెక్టు. హార్డ్‌డిస్కులో "దండెం" అని ఒక ఫోల్డరు, దాన్లో "ఇల్లు" అని ఒకటి, "ఊళ్ళు" అని ఒకటి.

నాతోపాటు ఫోటోలు తీసే స్నేహితుడు ఒకడు మొన్న అడిగాడు, ఇన్నేళ్ళు దీనిమీద పెట్టిన టైము పక్షుల మీద పెట్టి ఉంటే ఈపాటికి నీకు మంచి పేరొచ్చేది కదరా అని. నా మంచి కోరే అన్నాడు. ఒకసారి ఒక పోటీకి నాలుగు ఫోటోలు పంపితే అక్కడి జడ్జి గారు కూడా ఇందులో సబ్జెక్ట్ ఏది బాబూ అన్నారు. ఇద్దరికీ అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, నోట్లో ఏదో ఉంది గానీ మాట రాలేదు. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

దీని మొదలు హుద్‌హుద్ తుఫాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ గాలి గురించి ఇక్కడివాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు, కరెంటు లేక, నీళ్ళు రాక, ఫోన్లు కలవక గడిపిన ఆ రోజులు అందరికీ గుర్తే. నాకు గాలి కంటే ఆ తర్వాత ఎండ కాసిన రోజు బాగా గుర్తుండిపోయింది. మేడెక్కి చూస్తే ఊరు ఊరంతా ఆరేసుకుంటోంది. పరుపులు, బొంతలు, దిళ్ళు, పిల్లల పుస్తకాలు, ఎవరింటి మేడ చూసినా అదే. మా దండెం మీద అమ్మ నా పదోతరగతి సర్టిఫికెట్టు, ఇంటి దస్తావేజు కాయితాలు, వాళ్ళ పెళ్ళి ఆల్బంలోంచి జాగ్రత్తగా ఊడదీసిన ఫోటోలు ఒక్కోదానికి ఒక్కో బట్టల క్లిప్పు పెట్టి వరసగా వేలాడదీసింది. వెనకాల యారాడ కొండ మీద ఆకన్నది లేదు, కొండ రంగే మారిపోయింది. ఫోన్లో మిగిలిన కాస్త చార్జింగుతో ఒకే ఒక ఫోటో తీశాను. తర్వాత ఆ ఫోను పోయింది, దాంతోపాటు అదీ పోయింది, ఎక్కడా కాపీ లేదు. నేను తీసిన వాటిలో నాకు అన్నిటికంటే కావల్సిన ఫోటో అది, అది నా దగ్గర లేదు. ఇవాళ్టికీ ప్రతి ఫోటో మూడు చోట్ల దాచుకుంటాను, ఒక డిస్కు చెల్లెలింట్లో ఉంటుంది, కారణం అదే.

రెండేళ్ళకి సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఏపీఎస్-సీ కెమెరా, అంటే లోపల వెలుగు పట్టే సెన్సారు పెద్ద కెమెరాలకంటే కాస్త చిన్నది, 35 ఎమ్ఎమ్ లెన్సు కొన్నాను. ఆ సైజు సెన్సారు మీద 35 లెన్సు పెడితే ఫుల్‌ఫ్రేమ్‌లో, అంటే ఆ పెద్ద సెన్సారు మీద, యాభై ఎమ్ఎమ్ లెన్సుకి దగ్గరగా చూపిస్తుంది, అంటే మరీ దగ్గరకి లాగదు, మరీ వెడల్పుగా సాగదియ్యదు. అప్పట్నించీ ఈ ప్రాజెక్టుకి వేరే లెన్సు వాడలేదు. మేడ మీద ఇటువైపు పిట్టగోడ మీద పెయింటుతో ఒక గుర్తు పెట్టాను, కెమెరా అడుగు సరిగ్గా దానిమీదే ఆనాలి. అక్కణ్ణించి చూస్తే మెట్లగది గోడకున్న కొక్కెం నించి నీళ్ళ ట్యాంకు ఇనప పైపు దాకా మా దండెం, దాని వెనక పక్కింటివాళ్ళ పిట్టగోడ, ఇంకా వెనక యారాడ కొండ, ఎడంపక్క రెండు బిల్డింగుల మధ్య చారెడు సముద్రం. లెన్సు రంధ్రం ఎఫ్8, రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్సు డేలైట్ మీదే ఉంచుతాను, ఆటోలో పెడితే ఒకరోజు పసుపు చీర ఇంకోరోజు నిమ్మపండు రంగులో వచ్చి ఏళ్ళ తరబడి పోల్చుకోడానికి పనికిరాదు.

తెల్లబట్ట తియ్యడం చూసినంత సులువు కాదు, ఈ ఒక్కటీ నేర్చుకోడానికే నాకు ఏడాది పట్టింది. కెమెరా లోపలుండే మీటరు, తన ముందున్నది ఏదైనా సగటున ఒక మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్కేస్తుంది. నాన్న పంచెలు నాలుగు వరసగా ఎండలో మెరుస్తుంటే అబ్బో వెలుగెక్కువైంది అనుకుని తగ్గించేస్తుంది, ఇంటికొచ్చి చూస్తే పంచెలు గచ్చు కడిగిన గుడ్డల్లా కనిపిస్తాయి. అందుకని తెల్లబట్టలున్న రోజు ఒక స్టాపు ప్లస్‌లో, అంటే మీటరు చెప్పినదానికి రెట్టింపు వెలుగు పడేలా పెట్టాలి. మరీ పెంచితే నేత కనపడకుండా తెల్లటి అట్టముక్కలా అయిపోతుంది. గంజి పెట్టిన పంచె సంగతి మళ్ళీ వేరు, అది గాలికి ఎగరదు, బిగుసుకుని నిలబడుతుంది, దాని మడతల్లో నీడలు గట్టిగా పడతాయి. నాన్న రిటైరయ్యాక గంజి మానేశారు, ఆ నెల నించి ఫోటోల్లో పంచెలు మెత్తగా ఊగుతుంటాయి.

గాలి గురించి కూడా చెప్పాలి. మొదటి ఏడాది ఫోటోలు ఒకసారి వరసగా తిప్పుతుంటే గమనించాను, పొద్దున్న తీసినవాటిలో చీర కొంగులు ఎక్కువగా ఎడమకి, అంటే సముద్రం వైపు తేలుతున్నాయి. ఆదివారాలు మధ్యాహ్నం మూడింటికి కూడా ఒకటి తీసేవాణ్ణి, వాటిలో అవే కొంగులు కుడికి, ఊరివైపు. స్కూల్లో చదువుకున్నదే, రాత్రికి నేల తొందరగా చల్లారుతుంది, సముద్రం అంత తొందరగా చల్లారదు, అందుకని తెల్లారేదాకా గాలి నేలమీంచి నీటిమీదకి వెళ్తుంది, ఎండెక్కాక నేల వేడెక్కి గాలి తిరిగి సముద్రం మీంచి లోపలికొస్తుంది. వేసవిలో నైరుతి గాలి గట్టిగా కొట్టేటప్పుడు ఈ లెక్క చెదిరిపోతుందనుకోండి. భూపవనం, సముద్ర పవనం అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, కానీ బీచికి పది నిమిషాల దూరంలో అన్నేళ్ళు బతికి అది మా ఇంటి మీద రోజూ జరుగుతోందని అమ్మ చీర కొంగు చూపించేదాకా చూడలేదు.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు "ఊళ్ళు" ఫోల్డరు అక్కడితో ఆగిపోయింది, "ఇల్లు" మాత్రం ఒక్కరోజు కూడా తప్పలేదు. మార్చిలో ఆఫీసు చొక్కాలు మాయమయ్యాయి. ఏప్రిల్ నించి అమ్మ పాత చీరలు చింపి కుట్టిన మాస్కులు వరసగా, ఇంటిల్లిపాదివీ. ఆ మాస్కుల్లో ఒకటి ఏ చీరలోంచి వచ్చిందో అదే చీర 2017 ఫోటోలో నిండుగా ఆరుతూ ఉంటుంది.

ఇక నా అసలు మాట. మనలో చాలామంది కెమెరా ప్రయాణాలకే అని పెట్టుకుంటాం. ఊరెళ్ళే ముందురోజు బీరువాలోంచి తీసి చార్జింగు పెడతాం, వచ్చాక మళ్ళీ బీరువాలో పెట్టేస్తాం. మన ఊళ్ళో అయితే అలా పెట్టిన లెన్సులో ఫంగస్ పడుతుంది, ఇక్కడ గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం పైనే ఉంటుంది, చీకటి, తేమ, గాలాడకపోవడం మూడూ కలిస్తే గాజు మీద సాలెగూడు లాంటి తీగలు పాకుతాయి. నాదే ఒక జూమ్ లెన్సు అలా పోయింది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికాజెల్ వేసి తేమ 40, 50 మధ్య ఉంచితే ఆపొచ్చు, వారానికోసారి బయటికి తీసి వాడితే ఇంకా మంచిది. కానీ నా బాధ గాజు గురించి మాత్రమే కాదు. ఇంట్లో తియ్యని చెయ్యి ఊరెళ్ళి ఏం తీస్తుంది? కొత్త ఊళ్ళో అన్నీ కొత్తగానే కనిపిస్తాయి, ఏది అక్కడిది, ఏది అన్నిచోట్లా ఉండేదో తెలీదు, తెలీక అందరూ నిలబడ్డ చోటే నిలబడి అందరూ తీసిందే తీసుకొస్తాం. నాకు దండెం ఒక కొలబద్ద లాంటిది. మా మేడ మీద అది ఎలా ఉంటుందో వేలసార్లు చూశాను కాబట్టి వేరే ఊళ్ళో అది ఎక్కడ తేడాగా ఉందో ఇట్టే పట్టేస్తాను.

ఫోర్ట్ కొచ్చి వెళ్ళినప్పుడు అందరూ చైనా వలల దగ్గర సాయంత్రం కోసం కాచుక్కూర్చున్నారు. నేనూ కాసేపు కూర్చుని, మర్నాడు పొద్దున్న వెలి అనే చోట ఉన్న ధోబీఖానాకి వెళ్ళాను. అక్కడ బట్టలుతికేవాళ్ళు వణ్ణార్లు, డచ్చివాళ్ళ కాలంలో సిపాయిల బట్టలు ఉతకడానికి తమిళదేశం నించి తెచ్చినవాళ్ళ సంతతి. బయట మైదానం నిండా దండేలు. పది నిమిషాలు చూసేసరికి ఏదో లోటుగా అనిపించింది, ఏంటా అని చూస్తే ఒక్క క్లిప్పు కూడా లేదు! రెండు కొబ్బరితాళ్ళు కలిపి మెలేసి కట్టారు, ఆ మెలికల మధ్యలో బట్ట అంచు దోపితే చాలు, గాలికి ఊడదు, తీసేటప్పుడు లాగితే వచ్చేస్తుంది. ఇంట్లో సముద్రపు గాలికి దండెం మీంచి బట్టలు పక్కింట్లో పడటం, ప్లాస్టిక్ క్లిప్పులు ఎండకి పెళుసెక్కి పుటుక్కున విరగడం ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి కాబట్టి ఆ మెలిక విలువ నాకు తెలిసింది. ఆ రోజు తీసినవాటిలో ఆ ముడి దగ్గరగా తీసిన ఒక్కటే ఉంచుకున్నాను. వచ్చాక మా మేడ మీద కూడా కట్టి చూశాం గానీ అమ్మకి నచ్చలేదు, తాడు పీచు చీరలకి పట్టేస్తోందంది.

అరకు మనకి పెద్ద ప్రయాణం కూడా కాదు. కిరండూల్ రైలు పొద్దున్నే బయల్దేరుతుంది, ఆ లైన్లో 58 సొరంగాలు, శిమిలిగుడ స్టేషను దగ్గరికొచ్చేసరికి సముద్రానికి 990 మీటర్ల పైకెక్కేస్తాం. డిసెంబరులో వెళ్ళాను. మా ఇంట్లో రెండు గంటల్లో ఆరే తువ్వాలు అక్కడ మంచులో రెండు రోజులైనా చెమ్మగానే ఉంటుంది. మేం దిగినింట్లో వంటగదిలో పొయ్యి పైన అడ్డంగా తాడు కట్టి పిల్లల స్వెట్టర్లు వేశారు, పొగ వాసనొస్తున్నాయి. గది చీకటి, ట్రైపాడ్ లేదు, పొయ్యి వెలుగులోనే తీశాను, గ్రెయిన్ చాలా ఉంది, ఫోటో అంతా ఇసక చల్లినట్టు. మబ్బులు పరుచుకున్న లోయ ఫోటోలు ఆ ట్రిప్పులో వంద తీసుంటాను, అందులో ఏది ఏ మలుపులోదో ఇప్పుడు చెప్పలేను. స్వెట్టర్ల ఫోటో చూస్తే మాత్రం ఆ ఇల్లు మొత్తం గుర్తొస్తుంది, ఆ ఇల్లాలు ఇచ్చిన టీ గ్లాసు వేడి కూడా.

ఖద్దరు నేసే పొందూరులో తాడు మీద బట్టలు కాదు, ఇంకా బట్ట కాని నూలు చిలపలు చూశాను. ఆ నూలు తాడెక్కే ముందు వాలుగ చేప దవడ పళ్ళతో పత్తి దువ్వుతారు, ఆ దవడ ఎండిపోయి చిన్న దువ్వెనలా ఉంటుంది. దండెం వెతుక్కుంటూ వెళ్ళకపోతే ఆ వాకిలి దాకా వెళ్ళేవాణ్ణి కాదు. ముంబయి మహాలక్ష్మి దగ్గర ధోబీఘాట్ కూడా చూశాను గానీ అక్కడ వంతెన మీంచి తియ్యడం నాకు నచ్చలేదు. పైనుంచి చూస్తే అంతా రంగుల చతురస్రాలే, ఎవరి పనీ కనబడదు.

ఇప్పుడు ఈ ప్రాజెక్టు మీద ఎవరైనా అడగాల్సిన అసలు ప్రశ్న, జడ్జి గారూ అడగలేదు, నా స్నేహితుడూ అడగలేదు. ఊళ్ళో వాళ్ళ బట్టలు నువ్వెవడివి తియ్యడానికి? ఇది అడిగింది పాత పట్నంలో, కురుపాం మార్కెట్ వెనక సందుల్లో ఒకావిడ. 2018 అనుకుంటా. సందుకి అడ్డంగా రెండిళ్ళ మధ్య కట్టిన దండెం, మీద ఆకుపచ్చ చీర, వెనక పాతకాలపు గోడ, వెలుగు చాలా బాగుంది. రెండు తీశానో లేదో ఆవిడ గుమ్మంలోకొచ్చి, "ఏటి బాబూ, మా బట్టలేటి తీస్తన్నావు? మీ ఇంట్లో బట్టల్లేవా?" అంది. గట్టిగా అరవలేదు, మామూలుగానే అడిగింది. సారీ చెప్పి, ఆవిడ ముందే డిలీట్ చేసి చూపించాను. ఇంటికొచ్చే దారంతా ఆ మాటే. బయట అందరికీ కనబడేదే కదా అనే వాదం నాకూ తెలుసు, చాలామంది అదే చెప్తారు. కానీ ఆరేసుకోవడం వేరు, చూపించుకోవడం వేరు. జాగా లేక సందులో ఆరేసుకుంటారు, మనం చూడాలని కాదు. అందులోనూ ఆడవాళ్ళ బట్టలు, తీసేవాడు మగాడు, కారణం ఎంత మంచిదైనా ఎదుటి మనిషికి అది నా మొహం మీద రాసుండదు.

అప్పట్నించీ అడగకుండా ఎవరింటి దండెమూ తియ్యను. ఇల్లు గుర్తుపట్టేలా ఉంటే బయటెక్కడా పెట్టను, లోపలి బట్టలుంటే అసలు తియ్యను. ప్రింటు తీసి ఇస్తానని చెప్తాను, ఇస్తాను కూడా. దీనివల్ల ఫోటో మారిపోతుంది, ఆ మాట నిజం. అడగ్గానే చాలామంది ఉండు బాబూ అని చిరుగులున్న తువ్వాలు తీసేసి, పట్టుచీర ముందుకి జరిపి, మడతలు సర్ది అప్పుడు తియ్యమంటారు. నాతోపాటు తీసేవాళ్ళు కొందరు ఇది అబద్ధం ఫోటో అంటారు. నేనొప్పుకోను. ఎవరింటికైనా చుట్టాలొస్తే దుప్పటి మారుస్తాం, అది అబద్ధమా? ఆ ఇల్లాలు తన దండెం ఎలా కనబడాలనుకుందో ఆ ఫోటోలో ఉంది, నేను దొంగచాటుగా తీస్తే అది ఎప్పటికీ దొరకదు. నాకు ఆకుపచ్చ చీర పోయినందుకు బాధ లేదు, ఆవిడ అడిగినందుకు ఇప్పటికీ మర్యాద ఉంది.

జర్మనీలో బెర్న్‌ట్ బెహర్, హిల్లా బెహర్ అని భార్యాభర్తలుండేవారు, ఇద్దరూ ఫోటోగ్రాఫర్లే. 1959 నించి దశాబ్దాల పాటు నీళ్ళ ట్యాంకులు, గ్యాసు ట్యాంకులు, మన ఉక్కు ఫ్యాక్టరీలో ఉంటాయే అలాంటి బ్లాస్ట్ ఫర్నేసులు, ఇవే తీశారు. ఎప్పుడూ ఎదురుగా నిలబడి, ఎప్పుడూ నీడలు పడని మబ్బు వెలుగులో, తర్వాత ఒకే రకానివి తొమ్మిదో పదిహేనో పక్కపక్కన పెట్టి చూపించేవారు. ఒక్కటి విడిగా చూస్తే ఉత్త ట్యాంకు. పక్కపక్కన పెట్టేసరికి ఒక్కోదానికి ఒక్కో మొహం వస్తుంది. నాకు వాళ్ళ మబ్బు వెలుగు దొరకదు, ట్యాంకులు గాలికి ఎగరవు కూడా, కానీ పక్కపక్కన పెట్టి చూడటం వాళ్ళ దగ్గర్నించే తెచ్చుకున్నాను. అది నాకేం చూపించిందో చెప్తాను.

నాలుగు బై ఆరు సైజులో నెలకి ఒక ప్రింటు చొప్పున తీయించి, ఒక ఆదివారం హాల్లో నేలమీద వరసగా పరిచాను, ఏడాదికి ఒక వరస. చొక్కాల రంగులు, వర్షాకాలం, పండగలు చూసుకుంటూ వస్తుంటే ఏదో తేడాగా ఉంది, కాసేపు అర్థం కాలేదు. పై వరసల్లో దండెం పక్కింటి పిట్టగోడకి పైన, కొండ ముందు నించి పోతోంది. కింద వరసలకొచ్చేసరికి పిట్టగోడకి సమానంగా, ఆఖర్న గోడకి బాగా కిందగా. ముందు నా తప్పే అనుకున్నాను, కెమెరా ఎత్తు మారిందేమో అని. కానీ కెమెరా జరిగితే పక్కింటి గోడకీ మా పైపు వంపుకీ మధ్య దూరం కూడా మారాలి, అది అన్నిట్లోనూ ఒకేలా ఉంది. కొండా కదల్లేదు, గోడా కదల్లేదు. దండెమే దిగుతోంది. సుమారు ఏడాదిన్నర పాటు, కొంచెం కొంచెంగా.

వంటింట్లోకెళ్ళి అమ్మని అడిగాను. "చెయ్యి పైకి లేవట్లేదురా, అందుకని కొంచెం కిందకి కట్టుకున్నాను" అంది, పోపు కలుపుతూనే. ఎన్నిసార్లు అంటే, నొప్పెక్కినప్పుడల్లా ఒక బెత్తెడు. ఎవరికీ చెప్పలేదు. డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, కుడి భుజం, షుగరున్నవాళ్ళకి ఎక్కువ వస్తుందట, ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారమ్మా అని కూడా అన్నారు. నెలల తరబడి ఫిజియోథెరపీ చేయించాం. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఆ దండెం వైపే చూస్తూ ఉన్నాను, చీర రంగు చూశాను, గాలి చూశాను, వెలుగు చూశాను, అమ్మ చెయ్యి చూడలేదు. ఫోటోలు పక్కపక్కన పెట్టకపోతే ఇంకెన్నాళ్ళు చూడకపోదునో.

అందుకని జడ్జి గారికి నా జవాబు ఇది. అండీ, ఆ నాలుగు ఫోటోల్లో సబ్జెక్ట్ లేదన్నది నిజమే, నాలుగింటిలో ఉండదు. మూడేళ్ళవి చూపిస్తే ఉంటుంది. ఒక్క ఫోటోలో అంతా చెప్పేసే గొప్ప ఫోటోలున్నాయి, వాటిని నేను తక్కువ చెయ్యను, కానీ ఫోటోగ్రఫీ అంటే అదొక్కటే అని పోటీలన్నీ పిల్లలకి నేర్పుతున్నాయి, ఆ మాటతో నేను పోట్లాడతాను. మెల్లగా మారేవి ఒక్క ఫోటోలో పడవు. సందుల్లో కొబ్బరితాడు పోయి ఇనపతీగ వచ్చింది, ఉప్పుగాలికి అది తుప్పు పట్టి చీరలకి మరకలవుతున్నాయని నైలాన్ తాడొచ్చింది, ఇప్పుడు మడత స్టాండు, కొత్త అపార్ట్‌మెంట్లలో అయితే బట్టలు బయటికి కనబడకూడదని అసోసియేషన్ రూలు. ఇవన్నీ ఎవరూ రాసిపెట్టుకోరు. ఇప్పుడు తియ్యకపోతే ఇరవై ఏళ్ళ తర్వాత మేడల మీద బట్టలు ఇలా ఎగిరేవని చూపించడానికి మన దగ్గర ఏం ఉంటుంది, బీచి సూర్యుడు తప్ప? ఆ సూర్యుడు అప్పుడూ ఉంటాడు.

వచ్చే నెల పెడన వెళ్తున్నాను, కలంకారీ అద్దకం బట్టలు ఆరేసే చోట నాలుగు రోజులు ఉండాలని. ఊళ్ళో లేని రోజుల్లో ఇంటి ఫోటో చెల్లెలి కూతురు తీస్తుంది, దానికి పదకొండేళ్ళు, పిట్టగోడ మీద గుర్తు దగ్గర కెమెరా ఎలా ఆనించాలో నేర్పాను. నిన్నట్నించి ప్రాక్టీసు. ఇవాళ పొద్దున్న నేను కింద టీ తాగుతుంటే పైనుంచి కేకేసింది, "మావయ్యా, ఇవాళ బట్టలు రివర్సులో ఎగురుతున్నాయి, పొద్దున్నే ఊరివైపు!"

పైకెళ్ళి చూశాను. సముద్రం మీద అంచులేని మబ్బు, గాలి తూర్పు నించి, తడిగా. అమ్మ అప్పటికే దండెం దగ్గరుంది, ఎడంచేత్తో క్లిప్పులు తీస్తోంది.